మారని వరస

ఈ మధ్య నేను ఎక్కువసార్లు తిరగేసి చదివింది నవలా కాదు, కవిత్వమూ కాదు. ఆరు పేజీల ఒక పరిశోధనా వ్యాసం. 2001లో వియన్నాలో జరిగిన ఒక వర్క్‌షాప్ కోసం మికేలే లాంజా రాసింది. అప్పటికాయన స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. వ్యాసం పేరు ‘ది ఎవల్యూషన్ మాట్రిక్స్’. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో రాసిన సాఫ్ట్‌వేర్ కాలక్రమంలో ఎలా మారుతుందో, ఆ మార్పుల్లో మళ్ళీ మళ్ళీ కనబడే పోకడలేమిటో ఒక్క బొమ్మలో చూపించే ప్రయత్నం అది.

సాహిత్య పత్రికలో ఈ గొడవేంటని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇది చదవడం గురించిన వ్యాసం. ఒకరు రాసి వెళ్ళిపోయాక ఇంకొకరు దిద్దిన, ఎప్పటికీ పూర్తికాని ఒక పాఠాన్ని ఎలా చదవాలి అనే ప్రశ్న. రెండోది, నేను దీన్ని తప్పుగా చదివాను. ఆ తప్పుకి మూల్యం నేను కాదు, ఇంకెవరో చెల్లించారు. ఆ సంగతి దాచి ఈ వ్యాసం మీద అభిప్రాయం చెప్పడం నాకు సబబనిపించలేదు.

ముందు అసలు విషయం. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో ప్రోగ్రాముని క్లాసులుగా విడగొట్టి రాస్తారు. జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనుకోండి. అందులో ‘ఉద్యోగి’ ఒక క్లాసు, ‘సెలవు’ ఒక క్లాసు, ‘పే స్లిప్పు’ ఇంకో క్లాసు. ప్రతి క్లాసూ కొన్ని సంగతులు గుర్తుపెట్టుకుంటుంది: ఉద్యోగి పేరు, చేరిన తేదీ, మూలవేతనం. వాటిని వేరియబుల్స్ అంటారు. కొన్ని పనులు కూడా చేస్తుంది: జీతం లెక్కకట్టడం, సెలవు కోయడం. వాటిని మెథడ్స్ అంటారు. 1960ల్లో నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిమ్యులా భాషతో మొదలైన ఈ ఆలోచన, స్మాల్‌టాక్ మీదుగా, సీ ప్లస్ ప్లస్ మీదుగా, జావా దాకా వచ్చి మా తరం ఇంజనీరింగ్ కాలేజీల్లో సిలబస్ అయ్యింది.

సిలబస్‌లో మాకు చెప్పనిది ఒకటుంది. మేం క్లాసు రాయడం నేర్చుకున్నాం. రాసిన క్లాసు పదేళ్ళు ఎలా బతుకుతుందో నేర్చుకోలేదు. పరీక్షలో ప్రోగ్రాము ఎప్పుడూ తెల్లకాగితం మీద మొదలవుతుంది. ఉద్యోగంలో అలా మొదలైంది నాకు ఒక్కటీ గుర్తులేదు. ఎప్పుడు చేరినా కథ సగంలో ఉంటుంది. పాత్రలు ఎవరో తెలీదు, ఎవరి మీద ఎవరికి కోపమో తెలీదు, ముందు పేజీలు రాసినవాళ్ళు కంపెనీలో ఉండరు.

ఈ ‘తర్వాతి బతుకు’ని మొదట గట్టిగా పట్టించుకున్నవాళ్ళలో మేనీ లేమన్, లాస్లో బెలాడీ ముఖ్యులు. ఐబీఎమ్ వారి ఓఎస్/360 అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో విడుదలకీ ఎంత పెరిగిందో, ఎంత మారిందో అంకెలు ముందేసుకుని, 1970ల్లో వాళ్ళు కొన్ని సూత్రాలు చెప్పారు. అందులో రెండు ఇప్పటికీ ప్రతి ఆఫీసులోనూ నిజమే. వాడుకలో ఉన్న ప్రోగ్రాము మారుతూనే ఉండాలి, లేకపోతే రానురాను పనికిరాకుండా పోతుంది. మారేకొద్దీ అది చిక్కుపడుతుంది, ఎవరైనా పనిగట్టుకుని ఆ చిక్కు తీస్తే తప్ప. ప్రోగ్రాము తప్పుగా రాయడం వల్ల మారదు, బయట లోకం మారుతుంది కాబట్టి మారుతుందన్నది దాని సారం.

లేమన్ చూసింది మొత్తం ఊరి జనాభా లెక్క. లాంజా ఒక్కో ఇంటి తలుపూ తట్టాడు. తేడా అక్కడుంది.

ఆయన బొమ్మ చాలా సులువు. ఒక పట్టిక ఊహించుకోండి. ఒక్కో నిలువు వరస సాఫ్ట్‌వేర్ ఒక్కో వెర్షన్. ఎడమ చివర మొట్టమొదటిది, కుడి చివర ఇవాళ్టిది. ఒక్కో అడ్డవరస ఒక్కో క్లాసు. ప్రతి గడిలో ఒక దీర్ఘచతురస్రం. దాని వెడల్పు ఆ వెర్షన్‌లో ఆ క్లాసుకి ఎన్ని మెథడ్స్ ఉన్నాయో చెబుతుంది, ఎత్తు ఎన్ని వేరియబుల్స్ ఉన్నాయో చెబుతుంది. అంతే. ఎడమ నుంచి కుడికి ఒక వరస చదివితే ఒక క్లాసు జీవితచరిత్ర. పైనుంచి కిందికి ఒక వరస చదివితే ఆ నాటి మొత్తం సంసారం. కొత్తగా పుట్టిన క్లాసులు అడుగున చేరుతుంటాయి కాబట్టి బొమ్మ మెట్లుమెట్లుగా కుడివైపుకి దిగుతుంది. పెద్ద మెట్టు కనిపించిందంటే ఆ వెర్షన్‌లో ఏదో భారీగా జరిగిందని అర్థం. చాలా దూరం మెట్టే లేకపోతే పని మందగించిందని అర్థం.

ఈ బొమ్మలో కనబడ్డ పోకడలకి లాంజా పేర్లు పెట్టాడు. పెరుగుతూ తరుగుతూ ఉండేది పల్సార్. ఉన్నట్టుండి ఒక్కసారిగా ఉబ్బిపోయేది సూపర్‌నోవా. ఒకప్పుడు పెద్దగా ఉండి, చేసే పనులన్నీ పోగొట్టుకుని చిక్కిపోయింది వైట్ డ్వార్ఫ్. వెర్షన్ తర్వాత వెర్షన్‌లో అతిపెద్దగానే ఉండిపోయేది రెడ్ జెయింట్. ఎంతకాలమైనా మారనిది స్టాగ్నంట్. మొదటి వెర్షన్ నుంచి చివరిదాకా ఉన్నది పర్సిస్టెంట్. ఒకటి రెండు వెర్షన్లలో పుట్టి పోయేది డేఫ్లై. ఈ చివరిదాన్ని మనం హాయిగా ఉసిళ్ళు అనుకోవచ్చు. తొలకరి రాత్రి దీపం చుట్టూ మూగి, తెల్లారేసరికి రెక్కలు రాల్చేసుకునే ఉసిళ్ళు. ఎవరో ఏదో ప్రయత్నించి, కుదరక వెనక్కి తీసేసిన ఆలోచనలన్నమాట.

ఈ వ్యాసం గొప్పతనం ఈ పేర్లలో ఉంది. దీంట్లోని అసలు ఇబ్బంది కూడా ఈ పేర్లలోనే ఉంది.

గొప్పతనం ముందు చెప్తాను. పేరు లేనిదాన్ని చూడటం కష్టం. ‘ఆ క్లాసు ముట్టుకుంటే భయమేస్తుంది’ అని ప్రతి టీమ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. అది ఫిర్యాదు, విమర్శ కాదు. ‘ఇది తొమ్మిదేళ్ళుగా రెడ్ జెయింట్’ అన్నప్పుడు ఆ భయానికి ఒక ఆకారం వస్తుంది. పక్కవాడు కూడా అదే ఆకారాన్ని చూడగలడు, కాదని వాదించగలడు. ఛందస్సు తెలియకముందు పద్యం ఒక ఊపు మాత్రమే. తెలిశాక యతి ఎక్కడ పడిందో వేలుపెట్టి చూపించొచ్చు. సాహిత్య విమర్శ చేసే మొదటి పని అదే కదా.

ఇక ఇబ్బంది. ఈ పేర్లలో నాలుగు ఖగోళశాస్త్రం నుంచి వచ్చాయి. నక్షత్రం చివరికి ఏమవుతుందో ప్రధానంగా దాని ద్రవ్యరాశి నిర్ణయిస్తుంది. మన సూర్యుడు కొన్ని వందల కోట్ల ఏళ్ళ తర్వాత రెడ్ జెయింట్ అవుతాడు, ఆపైన వైట్ డ్వార్ఫ్‌గా మిగులుతాడు. ఇందులో ఎవరి ఇష్టాయిష్టాలకీ చోటు లేదు. క్లాసు అలా కాదు. అది ఎంత పెద్దదన్నదాన్ని బట్టి దాని భవిష్యత్తు చెప్పలేం. ఎవరో ఒక శుక్రవారం సాయంత్రం కూర్చుని రెండు ముక్కలు చేస్తే రెడ్ జెయింట్ సోమవారానికి ఉండదు. ఎవరూ కూర్చోకపోతే ఇరవయ్యేళ్ళు ఉంటుంది. నక్షత్రం పేరు పెట్టగానే, తెలియకుండానే ఆ క్లాసుకి ఒక తలరాత రాసేస్తున్నాం.

‘పల్సార్’ అయితే పోలికగా కూడా నిలవదు. 1967లో జోస్లిన్ బెల్ మొదటిసారి పసిగట్టిన పల్సార్ పెరిగి తరిగేదేమీ కాదు. అది గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. దాని కిరణం లైట్‌హౌస్ దీపంలా మనవైపు తిరిగిన ప్రతిసారీ ఒక మినుకు కనబడుతుంది. మార్పు నక్షత్రం సైజులో లేదు, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాంట్లో ఉంది. తప్పు పోలికే అయినా, ఈ ఉపమానం తెలియకుండానే ఒక నిజం చెప్పిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఇక నా కథ.

కొన్నాళ్ళు నేను జీతాలు, పెన్షన్ల లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. నేను చేరేటప్పటికే దానికి చాలా వయసు. రాసినవాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. లాంజా వ్యాసం చదివిన ఊపులో, ఒక వారాంతం కూర్చుని, తొమ్మిదేళ్ళ చరిత్రని గిట్ నుంచి లాగి, ఏడాదికి రెండు వెర్షన్ల చొప్పున పద్దెనిమిది నిలువు వరసలతో మా సొంత మాట్రిక్స్ గీశాను. ఏ-త్రీ కాగితాల మీద ప్రింట్ తీసి గోడకి అంటించాను.

ఆ రోజు టీ బ్రేక్ గంటసేపు సాగింది. అందరూ వాళ్ళవాళ్ళ క్లాసులు వెతుక్కున్నారు. ఆదాయపన్ను క్లాసు 2020లో ఠక్కున రెట్టింపైంది, అచ్చమైన సూపర్‌నోవా. కారణం అందరికీ గుర్తే. ఆ ఏడాది బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం వచ్చింది. పాతదో కొత్తదో ఉద్యోగి ఎంచుకోవచ్చన్నారు. ఒక్క లెక్క చేసే క్లాసు రెండు లెక్కలు చేసి పోల్చి చూపించాల్సి వచ్చింది. ఢిల్లీలో ఆర్థికమంత్రి ప్రసంగిస్తే హైదరాబాద్‌లో ఒక దీర్ఘచతురస్రం ఉబ్బింది. లేమన్ చెప్పిందానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సెలవుల క్లాసు పల్సార్. ప్రతి విడుదలకి ముందు తొందరలో ఉబ్బేది, విడుదలయ్యాక మా లీడ్ విసుక్కుంటూ కత్తిరించేది. బొమ్మ అబద్ధం చెప్పలేదు. మాకు తెలిసిన కథల్నే చక్కగా తిరిగి చెప్పింది.

తెలియని కథల దగ్గర తప్పు జరిగింది. బొమ్మ పైభాగంలో ఒక సన్నటి వరస ఉండేది. మూడు మెథడ్స్, రెండు వేరియబుల్స్. పద్దెనిమిది గడుల్లోనూ అదే సైజు, అదే ఆకారం. స్టాగ్నంట్. తర్వాతి నెలలో పాత చెత్త తీసేసే పని పెట్టుకున్నప్పుడు ఆ జాబితా నేనే తయారుచేశాను, బొమ్మని బట్టే. ఈ క్లాసుని ఎవరు పిలుస్తున్నారో మొత్తం కోడ్‌లో వెతికాను. ఎవరూ లేరు. తీసేశాను. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. దానికంటూ టెస్టులే లేవన్న సంగతి అప్పుడు తట్టలేదు.

నిజానికి దాన్ని పిలిచేవాళ్ళున్నారు. కోడ్‌లో కాదు, డేటాబేస్‌లో ఒక టేబుల్లో. కొన్ని ప్రత్యేకమైన లెక్కలకి ఏ క్లాసు వాడాలో పేరు అక్కడ రాసుండేది. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఆ పేరు చదివి క్లాసుని వెతికి తెచ్చుకునేది. దొరక్కపోతే లాగ్‌లో ఒక లైను రాసి, ఆ లెక్కని సున్నా అనుకుని ముందుకెళ్ళిపోయేది. ఆ లెక్క ఏమిటంటే, డీఏ పెంపు వెనకటి తేదీ నుంచి అమలవుతుంది కదా, ఆ అమలు తేదీకీ ప్రకటన వెలువడ్డ తేదీకీ మధ్యలో రిటైరైన వాళ్ళ బకాయిలు. వాళ్ళకి కొన్ని నెలలు జీతం మీద తేడా, మిగతా నెలలు పెన్షన్ మీద తేడా ఇవ్వాలి. తర్వాతి బకాయిల రన్‌లో అలాంటివాళ్ళందరికీ సున్నా వచ్చింది.

మా మానిటరింగ్ దీన్ని పట్టుకోలేదు. కొన్ని వారాల తర్వాత ఒక రిటైర్డ్ ఉద్యోగి పట్టుకున్నారు. ఆయన తెల్లకాగితం మీద చేత్తో లెక్కవేసి, స్కాన్ చేసి, వాళ్ళ ఆఫీసు ద్వారా మాకు పంపించారు. నెలకో అడ్డవరస. రావలసింది, వచ్చింది, తేడా అని మూడు నిలువు గళ్ళు. రిటైరైన నెల దగ్గర లెక్క మారుతుందని పక్కన చిన్న అక్షరాలతో రాశారు. చివర మొత్తం కింద రెండు గీతలు. నేను తీసేసిన క్లాసు చేసేది సరిగ్గా ఆ లెక్కే. ఆ కాగితం కూడా ఒక మాట్రిక్సే కదా అని చాలా రోజుల తర్వాత తట్టింది. ఆ రోజు మాత్రం సిగ్గేసింది.

ఆ క్లాసు రాసినాయన అంతకు ఏడాది ముందే వేరే ఊరు, వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. నంబరుంటే ఫోన్ చేశాను.

“అన్నా, అది తొమ్మిదేళ్ళుగా ఒక్క అక్షరం మారలేదు. పాతబడిపోయిందనుకున్నాం.”

ఆయన నవ్వారు. “మారాల్సిన అవసరం రాలేదు తమ్ముడూ. డీఏ శాతం మారుద్ది, లెక్క మారదు. అందుకేగా శాతాన్ని టేబుల్లో పెట్టింది.”

ఫోన్ పెట్టేశాక లాంజా వ్యాసం మళ్ళీ తీశాను. ఎవరినైనా తిట్టుకోవాలని ఉంటే ముందు ఆయనే దొరికాడు. కానీ తిట్టడానికి వీల్లేకపోయింది. క్లాసు మారకుండా ఉండటానికి కారణాలు ఆయన రాశాడు. అది ఎవరూ వాడని కోడ్ అయ్యుండొచ్చు. ఆ భాగంలో అప్పట్లో ఎవరూ పనిచేయకపోయి ఉండొచ్చు. లేదా చుట్టూ ఎన్ని మారినా తను మారక్కర్లేనంత బాగా రాసిందై ఉండొచ్చు. నేను అంతకుముందు కూడా ఆ వాక్యాలు చదివాను. నా కంటికి ఆనింది ఒక్కటే.

కాబట్టి ఇందులో తప్పు నాదే. కానీ ఆ తప్పులో వ్యాసానికీ కొంచెం వాటా ఉందని ఇప్పటికీ అనుకుంటాను. వ్యాసం మాటలు జాగ్రత్తగా ఉన్నాయి, పేర్లు అంత జాగ్రత్తగా లేవు. ‘స్టాగ్నంట్’ అంటే నిలవ నీరు. ఆ మాట వినగానే వాసన వస్తుంది. మూడు కారణాల్లో రెండు ఆ పేరుతోనే ఓడిపోతాయి. బాగా కట్టిన గోడ కూడా కదలదు, దాన్ని ఎవరూ నిలవ అనరు. డేవిడ్ పార్నస్ 1972లోనే చెప్పాడు, మారే అవకాశమున్న నిర్ణయాల్ని ఒక్కోదాన్నీ ఒక్కో చోట దాచిపెట్టి మిగతా ప్రోగ్రాముకి తెలియనివ్వకండని. మా అన్న చేసింది అదే. ఆ పద్ధతి నెగ్గితే బొమ్మలో ఎలా కనబడుతుంది? మారని వరసలా. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి అసలు ఆశయం నెరవేరిన చోటికి, ఆ పద్ధతి చరిత్రని చదివే వ్యాసం పెట్టిన పేరు మురుగు.

ఇంకో సంగతి. లాంజా ఉదాహరణగా తీసుకున్న ప్రోగ్రాముల్లో మూస్‌ఫైండర్ ఒకటి. 38 వెర్షన్లు, స్మాల్‌టాక్‌లో, దాదాపు ఏడాది కాలంలో ఒకే వ్యక్తి రాసింది. అలాంటి చోట ఆకారానికీ కారణానికీ మధ్య దూరం తక్కువ. అనుమానమొస్తే పక్క గదికి వెళ్ళి అడగొచ్చు. మా ప్రోగ్రాముకి పక్క గది లేదు. రాసినాయన ఏ ఊళ్ళో ఉన్నాడో కనుక్కోవాలి, ఫోన్ ఎత్తాలి, గుర్తుండాలి. ఈ మూడూ కుదిరాయి కాబట్టి నేనీ వ్యాసం రాయగలుగుతున్నాను.

1985లో డెన్మార్క్‌కి చెందిన పీటర్ నౌర్ ‘ప్రోగ్రామింగ్ యాజ్ థియరీ బిల్డింగ్’ అనే వ్యాసంలో దీన్ని నిర్మొహమాటంగా చెప్పాడు. ప్రోగ్రామంటే ఆ అక్షరాలు కావు, దాన్ని రాసినవాళ్ళ మనసులో ఉన్న అవగాహన. ఎందుకిలా రాశాం, లోకంలో దేనికి ఇది జవాబు, కొత్త అవసరమొస్తే ఎక్కడ ఎలా ఒదగాలి అన్న ఎరుక. ఆ ఎరుక ఉన్న బృందం చెదిరిపోయినరోజే ప్రోగ్రాము చచ్చిపోతుందంటాడు, అది కంప్యూటర్ మీద ఇంకా నడుస్తున్నా సరే. మరీ కఠినంగా ఉందనిపిస్తుంది. కానీ ఏ వరస ఎందుకలా ఉందో చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడాన్ని మా మాట్రిక్స్‌లో ఏ గడీ చూపించలేదు. పద్దెనిమిది నిలువు వరసల్లోనూ క్లాసులున్నాయి, మనుషులు లేరు.

ఈ రంగంలో తర్వాత వచ్చిన పనులు, నా దృష్టిలో మంచివి, ఇంకొంచెం వినయంగా ఉన్నాయి. 2004లో ట్యూడర్ గిర్బా, స్టెఫాన్ డుకాస్‌లతో కలిసి లాంజాయే ‘నిన్నటి వాతావరణం’ అనే పద్ధతి ప్రతిపాదించాడు. రేపు వాన పడుతుందా అంటే, ఇవాళ ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుందని చెప్పేస్తే చాలాసార్లు నిజమవుతుంది. అలాగే ఈమధ్య ఎక్కువగా మారిన క్లాసులే ముందుముందు కూడా మారతాయా అని ఆ సిస్టమ్ గతాన్నే అడిగి చూస్తారు. నిజమైతే, కొత్తగా వచ్చినవాళ్ళు చదవడం అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంచుమించు అదే సమయంలో థామస్ జిమ్మర్‌మాన్, ఆండ్రియాస్ జెల్లర్ తదితరులు ఇంకో దారి పట్టారు. ఫలానా ఫంక్షన్‌ని మార్చినవాళ్ళు ఫలానాదాన్ని కూడా మార్చారు అని పాత మార్పుల్లోంచి ఏరి చూపించడం, ఆన్‌లైన్ పుస్తకాల షాపు సలహా ఇచ్చినట్టు. ఈ రెండూ క్లాసుకి బిరుదులివ్వవు. ఇక్కడ చూడు, ఇది మర్చిపోయావేమో చూసుకో అంటాయి. పోకడల్ని వెతకడం వల్ల దక్కాల్సింది తీర్పు కాదు, మంచి ప్రశ్న అని నేననుకుంటున్నది వీటిని చూశాకే.

ఇదంతా రాస్తున్నప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది ఎర్రన. తెలుగు భారతం కూడా చాలామంది చేతుల మీదుగా నడిచిన ప్రాజెక్టే. నన్నయ పదకొండో శతాబ్దంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి, మిగిలిన ఆ ముక్కని ముట్టుకోకుండా, విరాటపర్వం నుంచి ఎత్తుకుని పూర్తిచేశాడు. మధ్యలో ఒక ఖాళీ ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ ఖాళీ పూరించాడు. నన్నయలా మొదలై తిక్కన దగ్గరకి చేరేలా రాశాడని మన విమర్శకులు ఎప్పట్నుంచో చెబుతున్నదే. పైగా ఆ భాగాన్ని తన కాలపు రాజుకి కాకుండా, నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు.

ఇప్పుడు ఎర్రనకి మాట్రిక్స్ గీస్తే ఏమొస్తుంది? అరణ్యపర్వం వరస ఒక వెర్షన్‌లో సగానికి ఆగి, రెండు మూడు వందల ఏళ్ళు మారకుండా ఉండి, తర్వాత ఒక్కసారి నిండుతుంది. ఆకారం అంతే చెబుతుంది. ఆగిపోవడానికి కారణం ఏమిటో, తిక్కన దాన్ని ఎందుకు వదిలేశాడో ఆకారంలో లేదు. అందుకే తరతరాలుగా అన్ని కథలు పుట్టాయి. ఎర్రన గొప్పతనం కూడా ఆకారంలో కనబడదు. వేరేవాళ్ళ రాతలో తన చెయ్యి ఎంతవరకూ పెట్టాలో తెలియడం, ముందాయన ఏం చేయబోయాడో ఊహించి దానికి లోబడి రాయడం, చివరికి పేరు కూడా ఆయన ఖాతాలోకే వెళ్ళేలా చూడటం. నౌర్ చెప్పిన ‘ఎరుక’ రాతలోంచి తిరిగి కట్టుకోవడం దాదాపు అసాధ్యమే. ఎర్రన దాన్ని చదివి చదివి సంపాదించుకున్నాడు. మెయింటెనెన్స్ పని అంటే ముఖం ముడుచుకునే మా వాళ్ళకి ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

గిట్‌లో ఒక ఆదేశం ఉంది. ఫైల్లో ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపిస్తుంది. దాని పేరు ‘బ్లేమ్’, నింద. దానికంటే పాతదైన సబ్‌వెర్షన్‌లో ఇదే పనికి ఆ పేరుతోపాటు ఇంకో పేరు కూడా ఉండేది: ‘ప్రెయిజ్’, మెచ్చుకోలు. రెండు పేర్లు కొట్టినా వచ్చే ఫలితం ఒక్కటే. మెచ్చుకోలు అన్న మాట వాడినవాళ్ళెవరినీ నేను చూళ్ళేదు. అది ఉన్నదన్న సంగతే చాలామందికి తెలీదు. నిజానికి ఒక చరిత్రని తెరిచేటప్పుడు ఏ పేరుతో తెరుస్తామన్నది ఫలితాన్ని మార్చదు కానీ చదివేవాణ్ణి మారుస్తుంది. స్టాగ్నంట్ అన్న పేరుతో తెరిచినందుకు నాకు చెత్త కనబడింది. వేరే పేరుతో తెరిచుంటే కనీసం ఫోన్ ముందే చేసేవాణ్ణి.

మరి లాంజా వ్యాసం చదవాలా వద్దా? చదవాలి. సాఫ్ట్‌వేర్‌లో లేనివాళ్ళు కూడా చదవొచ్చు, బొమ్మలే సగం. కాలాన్ని ఒక్క చూపులో పెట్టడం ఎంత కష్టమో, పెట్టగలిగితే ఎంత అందంగా ఉంటుందో తెలుస్తుంది. పేర్లని మాత్రం పెన్సిల్‌తో రాసుకోవాలి, పెన్నుతో కాదు. మా గోడ మీద బొమ్మ ఇంకా ఉంది. నేనిప్పుడు క్లాసు పేరు పక్కన ఇంకో గడి పెంచాను. ‘దీని గురించి ఎవర్ని అడగాలి’ అని. కొన్ని గడుల్లో పేర్లున్నాయి, కొన్నింట్లో ఊరు మారిన ఫోన్ నంబర్లున్నాయి, చాలా గడులు ఖాళీగా ఉన్నాయి. నాకైతే ఆ ఖాళీ గడులు రెడ్ జెయింట్ల కంటే ఎక్కువ భయం పుట్టిస్తాయి.

ఆ క్లాసుని అదే రోజు తిరిగి పెట్టేశాను. ఉన్నదున్నట్టుగా, ఒక్క అక్షరం మార్చకుండా. ఆగిపోయిన బకాయిలు తర్వాతి నెల పెన్షన్‌తో కలిపి వెళ్ళాయి. ఈసారి దానికి టెస్టులు రాశాను. మొదటి టెస్టులో వేసిన అంకెలు, పేరూ ఊరూ తీసేసి, ఆ రిటైర్డ్ ఉద్యోగి కాగితం మీద ఉన్నవే. కమిట్ చేసేటప్పుడు సందేశంలో మామూలుగా ఒక లైను రాసి ఊరుకునేవాణ్ణి. ఆ రోజు పదకొండు లైన్లు రాశాను. ఇది ఎవరి కోసం, డీఏ ఎందుకు వెనకటి తేదీ నుంచి వస్తుంది, శాతం ఎక్కడుంది, లెక్క ఎందుకు మారదు, పిలిచేవాళ్ళు కోడ్‌లో ఎందుకు కనబడరు. ఆఖరి లైన్లో, ఇది మారకపోతే కంగారుపడొద్దు అని.

మాట్రిక్స్ మళ్ళీ గీస్తే ఆ వరసలో ఒకచోట చిన్న ఖాళీ కనబడుతుంది. దానికి ముందూ వెనకా అదే సైజు, అదే ఆకారం. ఆ ఖాళీ ఎందుకొచ్చిందో బొమ్మలో ఉండదు. ఆ పదకొండు లైన్లలో ఉంది.